కరస్థలమున నేమున్నది?



ఉదయమున స్నానము చేసి, విభూతి ధరించి, ఎడమ అరచేత ఇష్టలింగమును నిలుపుకొని, దానిపై చూపు నిల్పుట మన పెద్దలు మనకు నేర్పిన నిత్యవిధి. గుడికి పోలేనివానికి సైతము దేవుడు అరచేతిలోనే యుండునట్లు చేసిన మార్గము మనది. అందుచేత మనకు అరచేయి వట్టి అవయవము గాదు, అది కరస్థలము. ఆ చేతిలోనికి ఇప్పుడు సెల్‌ఫోను వచ్చి చేరినది. దానికి ముందు మన నడవలలోనికి టెలివిజను వచ్చినది. ఈ రెండును మన ప్రొద్దును తీసికొనుచునే యున్నవి గాని, తీసికొను తీరు ఒక్కటి గాదు. ఆ భేదమును గూర్చియే నేడు మీతో ముచ్చటింప దలచితిని.

టెలివిజను మన పల్లెలకు గుంపుగా చూచు వస్తువుగా వచ్చినది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయముతో, ఆంధ్రప్రదేశము, కర్ణాటకములతో గూడ ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములలో ఒక ప్రయోగము జరిగినది. ఉదయము బడిపిల్లలకు గంటన్నర, సాయంకాలము పెద్దలకు రెండున్నర గంటలు కార్యక్రమములు వచ్చెడివి. అటుపిమ్మట పెట్టె మూగవోయెడిది. అది ఊరందఱి పెట్టె, ఏ ఒక్కరి సొత్తును గాదు. 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము ప్రారంభమైనది. కర్ణాటకపు టెల్లను ఆనుకొని యున్న మా యూరికి పెట్టె వచ్చుటకు మఱి కొన్ని యేండ్లు పట్టినవి. వచ్చినదియు ఒక్కటే, అంగడి శెట్టిగారి యింటికి. వెదురు గడ కట్టి మిద్దెపై నెత్తుగా నిలిపిన ఏరియలు గాలికి తిరిగిపోయినప్పుడెల్ల ఒకడు మిద్దెమీద, ఒకడు వాకిట, ఒకడు పెట్టె ముందర నిలిచి కేకలు వేసికొనుచు దానిని సరిచేసెడివారు.

1987 జనవరి 25న రామాయణము ధారావాహికముగా ప్రారంభమైనది. ఆదివారము ఉదయము తొమ్మిదిన్నర గంటలకు మా వీథి యంతయు శెట్టిగారి వసారాలో నుండెడిది. విత్తుకాలము దగ్గఱపడిన దినములలో మా జేజియు, ఇరుగుపొరుగు స్త్రీలును చేటలలో విత్తనపు బుడ్డలు పోసికొని వచ్చి, ఒలుచుచునే చూచెడివారు. రాముడు ధనుస్సు విఱిచినను, సీత అగ్నిలో ప్రవేశించినను, వారి వ్రేళ్ళు ఆగెడివి కావు. కాయ పగులు చప్పుడు పెట్టెలోని మాటలకు తోడుగా వినవచ్చుచుండెడిది. టెలివిజను కన్నును తీసికొన్నది గాని చేతిని వదలిపెట్టినది. ఈ మాట మీరు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను.

అట్టి యొక ఆదివారము వీథి చివర జంగమయ్య గంట వినబడెను. మా జేజి చేట ప్రక్కన బెట్టి లేచి, వీథిలోనికి పోయి, "శరణు స్వామీ" యని ఆయనను తోడ్కొని వచ్చెను. ఆయనయు గోడ కానుకొని కూర్చుండి, మిగిలిన పావుగంట మాతో గూడ చూచెను. తరువాత మా యింటికి వచ్చి పాదపూజ నందుకొని, భిక్ష స్వీకరించి పోయెను. ఆట ముగియుట, గంట వినబడుట, రెండును మా కప్పుడు సహజముగ జరిగిపోయెడివి.

ఇట్లు చెప్పినంత మాత్రమున టెలివిజను సాధుజంతువని నేను వాదించుట లేదు. 1995 తరువాత తెలుగున ప్రైవేటు చానళ్ళు వచ్చి, సంధ్యవేళకు ధారావాహికములు చేరిన పిమ్మట దీపము వెలిగించు ప్రొద్దు జరిగిపోయినది. ప్రకటనల నడుమ విభూతి ధరించిన యిండ్లను నేనెఱుగుదును. అందొకటి మా యిల్లే. అయినను, ఆ దొంగ వచ్చు వేళ యందఱికిని తెలిసియుండెడిది, పోవు వేళయు తెలిసియుండెడిది. కరెంటు పోయెనా, ముందే పోయెడివాడు!

మన దేశమున ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది. చాలకాలము అది పట్టణముల వస్తువుగానే యుండెను. 2016 సెప్టెంబరు తరువాత డేటా వెల పడిపోవుటతో అనంతపురము మెట్టభూములలో గొఱ్ఱెలు గాచువాని చేతికి సైతము వచ్చినది. 2020లో బడులు మూతపడినప్పుడు పాఠమే ఫోనులో వచ్చినది. పిల్లల చేతిలో దానిని పెట్టినవారిలో మా ఉపాధ్యాయులమే ముందుంటిమి. వేఱొకరిని నిందించు ముందు ఈ సంగతి ఒప్పుకొనవలెను.

దాని మేలు కాదనరానిది. సాలుకు 550 మిల్లీమీటర్ల వానయైనను నమ్మకముగా కురియని సీమ మనది. వానకబురు, మార్కెట్టు ధర అరచేతిలోనే తెలియుట చిన్న సంగతి గాదు. కరవునకు బెంగుళూరికి వలసపోయిన కొడుకు ముఖము తల్లి రాత్రికి చూడగలుగుచున్నది. అయితే ఆ మేలునకు పది నిమిషములు చాలును. మిగిలిన కాలము దేనికి పోవుచున్నది?

మొన్న నా తరగతిలో పిల్లల నడిగితిని: "నిన్న టీవీ ఎంతసేపు చూచితిరి?" ఒకడు "ఒక సినిమా" యనెను, ఒక బాలిక "రెండు సీరియళ్ళు" అనెను. "ఫోను ఎంతసేపు?" అంటిని. ఒకరి ముఖము నొకరు చూచికొనిరి. ఒక్కరును చెప్పలేకపోయిరి. వారు దాచుట గాదు, వారికి తెలియదు. కుంచము లేని చోట కొలత యెట్లు వచ్చును?

అది పిల్లల చపలత యొక్కటే గాదు, యంత్రపు కట్టుబాటే అట్టిది. టెలివిజను ఒకే బొమ్మను ఊరందఱికి చూపును. ఎవడు చూచుచున్నాడో, ఎవడు కునుకుచున్నాడో దానికి తెలియదు. ఫోనులోని యూట్యూబు, ఇన్‌స్టాగ్రాము మొదలైనవి నీవు ఏ బొమ్మ దగ్గఱ ఎంత నిలిచితివో గుర్తించుకొని, దానినిబట్టి తరువాతిది ఏఱి పెట్టును. ఒకటి ముగిసినంతనే అడుగకయే మఱియొకటి మొదలగును. నీవు ఎంతసేపుండిన అన్ని ప్రకటనలు అమ్ముడుపోవును గనుక, "ఇక చాలు" అను మాట దాని వ్యాపారములో లేదు. పైగా చేతితో పట్టి, వ్రేలితో త్రోసి, కన్ను దించక చూడవలెను. బుడ్డలు ఒలుచుచు దానిని చూచుట సాధ్యము గాదు.

కేంద్ర గణాంకశాఖవారి కాలవినియోగ సర్వేలో, ఆరేండ్లు దాటినవారు సంస్కృతి, వినోదము, ప్రసార సాధనములు, ఆటలు అను వీనిపై 2019లో రోజులో నూటికి 9.9 పాళ్ళు గడిపినట్లును, 2024లో 11 పాళ్ళు గడిపినట్లును తేలినది. లెక్కవేసినచో రోజునకు సుమారు పదునాఱు నిమిషములు పెరిగినవి. జాతరయు, ఆటయు, టెలివిజను, ఫోను అన్నియు ఆ పద్దులో కలిసియున్నవి గనుక దానినిబట్టి ఫోను నొక్కదానినే దోషిగా నిలుపరాదు. పదునాఱు నిమిషములు చిన్నవిగా తోచవచ్చును. ఇష్టలింగపూజకు మనలో ఎందఱు అంతసేపు కూర్చుండుచున్నారో ఎవరికి వారే లెక్కచూచుకొనవచ్చును.

కల్యాణమున ఆయ్దక్కి మారయ్య యను శరణు డుండెను. నేలరాలిన బియ్యపు గింజల నేఱి తెచ్చి దాసోహము చేయుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యముకంటె నెక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఈ యధికము మనకేల, ఎక్కడిది అక్కడనే పోసి రమ్మని పంపివేసెను. ఈ కథ మనలో పలువురెఱుగుదురు. మఱియొకటి కలదు. అల్లమప్రభువు సన్నిధిలో కాయకమును గూర్చిన ప్రసంగమున మునిగి, మారయ్య తన కాయకమునే మఱచి కూర్చుండెను. అప్పుడును లక్కమ్మయే హెచ్చరించి లేపెను. అతడు వినుచున్నది చెడ్డమాట గాదు సుమా! అల్లమప్రభువు మాట. అయినను లేవవలసి వచ్చెను.

ఈ రెండవ కథను నేను పిల్లలకు పలుమారులు చెప్పియుంటిని. గత శ్రావణమున ఒక ఆదివారము ఉదయము మా యింట ఐదుగురము ఉంటిమి. కుమారుడు గదిలో, కుమార్తె మిద్దెమెట్లపై, నా భార్య వంటయింట, నేను నడవలో. నలుగురి చేతులలో నాలుగు ఫోనులు. ఐదవది మా అమ్మ. ఆమెకు ఫోను లేదు, చెవియు సరిగా వినబడదు, పెరటిలో నుండెను. జంగమయ్య వాకిట నిలిచి ముమ్మాఱు గంట వాయించి, కొంతసేపు చూచి, వెడలిపోయినాడట. ఎదురింటివారు మధ్యాహ్నము చెప్పువఱకు మాకు తెలియదు. మా అమ్మ ఆ పూట అన్నము ముట్టలేదు. ఎవరిని ఒక్క మాటయు అనలేదు. అనియున్నచో నాకు కొంత సులువుగా నుండెడిది.

నేనప్పుడు చూచుచున్నది సినిమా గాదు. చెవులలో తీగలు పెట్టుకొని, ఫోనులో శరణుల వచనములపై నొక ప్రవచనము వినుచుంటిని.

మఱునాటి ఆదివారము నేను వాకిటనే కూర్చుంటిని. ఆయన వచ్చెను. శరణని, పాదములకు నీళ్ళిచ్చి, జరిగినది దాచక చెప్పితిని. ఆయన కోపింపలేదు. "ప్రవచనమా? మంచిదే గదా అయ్యవారూ! ఎవరి వచనము చెప్పిరి?" అని ఆసక్తితోనే అడిగెను.

ఎంత తలచుకొన్నను నాకు జ్ఞాపకము రాలేదు. ఆ ప్రవచనము తరువాత దానంతటదే వచ్చిన మఱి మూడు, నాలుగు కూడ వినియుంటిని. అవియును జ్ఞాపకము లేవు. నేను నిలువబడి యుండగా మా అమ్మ చేటతో బియ్యము తెచ్చి ఆయన జోలెలో పోసెను. ఆయన విభూతి యిచ్చి, ఎదురింటి వాకిటికి పోయి గంట వాయించెను.