ఫోటోలో ఉన్న ఆమె పేరేమిటి?



వేసవి సెలవులు వచ్చాయంటే మన సంఘములలోని కుటుంబాలు కొన్ని ఊటీకి, కొన్ని కొడైకెనాలుకు, కొన్ని మహాబలేశ్వరానికి బయలుదేరుతాయి. ఇది మంచిదే. ఏడాది పొడుగునా డ్యూటీలతో, ట్యూషన్లతో ఒకరి ముఖం ఒకరు సరిగా చూచుకోని కుటుంబం నాలుగు రోజులు కలిసి తిని, కలిసి నడచి, దేవుని సృష్టిని చూచి రావడంలో తప్పేమీ లేదు. యేసు ప్రభువు కూడా అలసిన శిష్యులను ఏకాంత స్థలానికి వెళ్లి కాస్త విశ్రమించమన్నాడు గదా (మార్కు 6:31). కాబట్టి నేను విహారయాత్రలకు వ్యతిరేకంగా వ్రాయడం లేదు. అటువంటి ఒక యాత్రలో నేను చేసిన ఒక పనిని గురించి, ఆ తరువాత నన్ను వదలని ఒక ప్రశ్నను గురించి వ్రాస్తున్నాను.

గత మే నెలలో మా కుటుంబం ఊటీకి వెళ్లింది. 2024 మే నుండి వేసవి రద్దీ వలన అక్కడికి వెళ్లే బండ్లకు ఈ-పాస్ ఉండాలి. అది తీసుకొని, తెల్లవారుజామున కోలారు గోల్డ్‌ఫీల్డ్స్‌లో బయలుదేరి బెంగళూరు, మైసూరు, బండీపురం అడవి మీదుగా సాయంత్రానికి చేరాము. మూడు రోజులలో అందరూ చూచేవే మేమూ చూచాము. 1848లో ఏర్పడిన బొటానికల్ గార్డెన్, 2,637 మీటర్ల ఎత్తున్న దొడ్డబెట్ట, కలెక్టరు సల్లివాన్ దొర కాలంలో త్రవ్వించిన చెరువు, శ్రీరంగపట్నంలోని టిప్పు సుల్తాను భవనపు కలపను తెచ్చి కట్టిన సెయింట్ స్టీఫెన్స్ చర్చి, ఇవన్నీ తిరిగాము. మేట్టుపాళయం నుండి వచ్చే చిన్న రైలు కూడా ఎక్కాము. 46 కిలోమీటర్ల దారిలో 16 సొరంగాలు, 250 వంతెనలు ఉన్న ఆ రైలును 2005లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. కిటికీలోనుండి లోయ చూచి మా చిన్నమ్మాయి చప్పట్లు కొట్టింది. కాని నిజం చెప్పాలంటే ఆ లోయను నేను చూడలేదు. చప్పట్లు కొట్టే అమ్మాయిని ఫోన్‌లో పట్టుకొనే పనిలో ఉన్నాను.

మూడవ రోజు కూనూరు దారిలో ఒక టీ తోట ప్రక్కన బండి ఆపాము. వీపున నిండు బుట్టతో ఒక స్త్రీ గట్టు దిగి వస్తోంది. అరవై ఏళ్లుంటాయి. వెనుక మంచు, ప్రక్కన పచ్చని చెట్లు, ముఖం మీద ఎండ. నేను చేయి ఎత్తి ఆగమని సైగ చేశాను. ఆమె ఆగింది. నాలుగు ఫోటోలు తీశాను. మొదటి మూడు సరిగా రాలేదని ఆమెను ఇంకొంచెం ఇటు తిరగమన్నాను. ఆమె తిరిగింది. తరువాత తమిళంలో, "దీన్ని ఏం చేస్తావయ్యా?" అని అడిగింది. "ఊరికే, జ్ఞాపకానికి" అని నవ్వి బండి ఎక్కాను. ఆ మాట అబద్ధమని అప్పుడు నాకు తెలియదు.

మా సంఘంలో కోత పండుగ వచ్చినప్పుడు పోస్టరు తయారు చేసే పని నాకు అప్పగించారు. ఆ ఫోటో పెట్టి, క్రింద కోత విస్తారమని, పనివారు కొద్దిమందని ప్రభువు చెప్పిన మాట వేశాను. అందరూ మెచ్చుకున్నారు. ఫోన్లలో అది ఇతర సంఘాలకు కూడా వెళ్లింది. ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో పెద్దవయసు అవ్వ ఒకరు గుమ్మం దగ్గర పోస్టరు ముందు నిలబడి చాలాసేపు చూచారు. నన్ను పిలిచి అడిగారు.

"ఈమె పేరేమి నాయనా?"

"తెలియదవ్వా."

"విశ్వాసురాలా?"

"అదీ తెలియదు."

"ఫోటో తీసేటప్పుడన్నా బుట్ట దించుకోమన్నావా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ అవ్వ నన్ను గద్దించలేదు. "మెడ నరాలు చూడు, ఎట్లా బిగుసుకున్నాయో" అని మాత్రం అన్నారు. ఎన్నిసార్లు చూచినా నా కంటికి కనబడని ఆ నరాలు అప్పుడు కనబడ్డాయి. నేను వెలుగును చూచాను, మంచును చూచాను, మనిషిని చూడలేదు.

యౌవనస్థుల కూటములో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక తమ్ముడు న్యాయంగానే ఎదురు ప్రశ్న వేశాడు. "అన్నా, అది రోడ్డు. అందరూ తీస్తారు. ఆమెకు నష్టమేమి? మన వంటి వారు వెళ్లబట్టే కదా అక్కడి హోటళ్లు, దుకాణాలు నడిచేది?" అన్నాడు. ఈ వాదనలో కొంత సత్యముంది. విహారయాత్రికుల డబ్బుతో బ్రతికే కుటుంబాలు నీలగిరులలో చాలా ఉన్నాయి. ఫోటో తీయడం దానంతట అదే పాపము కాదు. మా తాత గని హెల్మెట్ పెట్టుకొని దిగిన ఒకే ఒక ఫోటో మా ఇంట్లో ఉంది. అది లేకుంటే నా పిల్లలకు ఆయన ముఖం తెలియదు. కాని ఆ ఫోటో ఆయన స్టూడియోకు వెళ్లి, తల దువ్వుకొని, డబ్బిచ్చి తీయించుకున్నది. ఎవరో వచ్చి తీసుకుపోయినది కాదు. ఈ తేడా చిన్నదా, పెద్దదా అన్నదే నా ప్రశ్న.

ఆ తమ్మునికి నేను ఊటీని గురించి జవాబు చెప్పలేదు. మన ఊరినే గుర్తు చేశాను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ తరువాత ఎంతోమంది తెల్లవారక ముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్లి రాత్రికి తిరిగి వస్తూ బ్రతుకుతున్నారు. మనలను చాలాకాలం ఎవరూ చూడలేదు. 2018లో మన ఊరి పేరుతో సినిమా వచ్చింది. అప్పటి నుండి సైనైడ్ దిబ్బలు చూడడానికి కార్లలో జనం వస్తున్నారు. దిబ్బలతో ఆగరు. లైన్లలోకి వస్తారు. తగరపు తలుపులు, కుళాయి దగ్గర బిందెల వరుస, అరుగు మీద దగ్గుతూ కూర్చున్న రిటైరైన గని కార్మికుడు, అన్నీ ఫోటో తీసుకుంటారు. "ఒకరోజు మా నాయన బనియన్ మీద కూర్చుంటే తీశారన్నా, చొక్కా వేసుకోనివ్వలేదు" అని ఆ తమ్ముడే అన్నాడు. అని, ఊరుకున్నాడు. తన తండ్రికి జరిగినప్పుడు అది నష్టమని అతనికి తెలుసు.

మన చరిత్రలో దీనికంటె లోతైన సంగతి ఒకటుంది. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. ఆ కాలంలో మద్రాసు రాజధానిలో విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఆకలితో ఎముకల గూళ్లయిన మనుష్యులను వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలు ఈనాటికీ పుస్తకాలలో కనబడతాయి. వాటి క్రింద ఆ మనుష్యుల పేర్లు లేవు. వారిని చూచి ఫోటోలు తీశాడే గాని ఆదుకోలేదని అతని మీద విమర్శ వచ్చింది. ఆ ఫోటోల వలన కరువు సంగతి దూరదేశాలకు తెలిసిందని అతని పక్షముగా చెప్పవచ్చు. చెప్పినా, ఆ వరుసలో కూర్చున్నవారికి ఆ పూట అన్నం దొరికిందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

అదే కరువులో, అదే రాజధానిలో, ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ దొరగారు కూడా అదే ఆకలిని చూచారు. చూచి, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని కాంట్రాక్టుగా తీసుకొని, ఆకలిగొన్నవారికి పని, కూలి కల్పించారు. అన్నం కొరకే మతంలో చేరారన్న మాట రాకుండా కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మములు ఆపి ఉంచారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనకు సండే స్కూలు నుండి తెలిసినదే. ఆ సంఖ్య మనము గర్వంగా చెప్పుకుంటాము. కాని ఆ సంఖ్యకు ముందు ఒక చూపు ఉంది. ఆ చూపు ఆకలిని చూచి అక్కడే ఆగిపోలేదు, మనిషి చేతికి పని, నోటికి అన్నం అందించే వరకు వెళ్లింది. మనము కరువు ఫోటోలోని మనుష్యుల వారసులము. మన చేతికి ఇప్పుడు కెమెరా వచ్చింది. అందుచేత ఈ ప్రశ్న ఇతరులకంటె మనకు ఎక్కువ తగులుతుంది.

ఊటీలోనే దీనికి మరొక సాక్ష్యముంది. బొటానికల్ గార్డెన్ పైభాగాన తోడా జనుల చిన్న పల్లె ఉంది. ఎనుములను కాచుకొని బ్రతికిన ప్రాచీన జనము వారు. ఎరుపు, నలుపు దారాలతో వారి స్త్రీలు కుట్టే శాలువలు చాలా అందమైనవి. 1873లో మార్షల్ అనే సైనికాధికారి వారి తలల ఆకారాన్ని బట్టి గుణగణాలు చెప్పబోయి, ఫోటోలతో సహా ఒక పుస్తకమే వేశాడు. తలను బట్టి గుణం చెప్పే ఆ శాస్త్రం వట్టిదని తరువాత తేలిపోయింది. అంటే సుమారు నూట యాభై ఏళ్లుగా ఎవరో ఒకరు కొండెక్కి వచ్చి వారి ముఖాల వైపు కెమెరా త్రిప్పుతూనే ఉన్నారు. మేమూ వెళ్లాము. గుమ్మంలో కూర్చున్న ఒక పెద్దాయన మమ్మును చూడగానే లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. మా వాళ్లు నొచ్చుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చేసింది మర్యాద తప్పిన పనేమీ కాదు. ఆ ఇల్లు ఆయనది.

వాక్యము ఏమి చెబుతుంది? కెమెరాను గురించి బైబిలులో లేదు గాని చూపును గురించి చాలా ఉంది. మంచి సమరయుని ఉపమానములో (లూకా 10) ముగ్గురూ గాయపడినవానిని చూచారు. యాజకుడు చూచాడు, లేవీయుడు చూచాడు, సమరయుడు చూచాడు. తేడా చూడడంలో లేదు, చూచిన తరువాత దగ్గరకు వెళ్లడంలో ఉంది. ఎడారికి పారిపోయిన దాసి హాగరు దేవునికి ఒక పేరు పెట్టింది, తనను చూచుచున్న దేవుడని (ఆదికాండము 16). దేవుడు చూచినప్పుడు ఆమెను పేరు పెట్టి పిలిచాడు, ఎక్కడనుండి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు. యేసు ప్రభువు మేడిచెట్టు మీది జక్కయ్యను చూచినప్పుడు కూడా పేరుతోనే పిలిచాడు. దావీదు మిద్దె మీదనుండి ఒక స్త్రీని చూచినప్పుడు ఆమె ఎవరో విచారించాడు, పేరు తెలుసుకున్నాడు. అయినా ఆ చూపు తనకు కావలసినది తీసుకొనే చూపు. కాబట్టి పేరు అడిగినంత మాత్రాన సరిపోదని కూడా దీనివలన నేర్చుకుంటాము.

పౌలు ఏథెన్సు పట్టణము తిరిగిన సంగతి నాకు మరీ ఇష్టము (అపొస్తలుల కార్యములు 17). ఆయన కూడా క్రొత్త ఊరిలో వీధులు తిరిగాడు, అక్కడివారు పూజించేవాటిని శ్రద్ధగా చూచాడు. చూచినది మనసులో ఉంచుకొని, ఆ ఊరివారితోనే మాట్లాడాడు. చూచినది వేరొక ఊరికి తీసుకుపోయి వింతగా చూపించలేదు.

ఇదంతా వ్రాసి, ఇకమీదట ఎవరూ ఫోటోలు తీయకూడదని నేను చెప్పను. కొండను తీయండి, పువ్వును తీయండి, మీ పిల్లలను తీయండి, అప్పుడప్పుడు ఫోన్ జేబులో పెట్టి లోయను కన్నులారా చూడండి. కాని మనిషి ముఖం తీయవలసి వస్తే ముందు దగ్గరకు వెళ్లి మాట్లాడండి. బరువుంటే దించుకోనివ్వండి. వద్దంటే మానుకోండి. సరే అంటే ఆ ఫోటోను ఎక్కడ, దేనికి వాడతామో నిజం చెప్పండి. వీలైతే ఒక ప్రతి ఆమెకు చేర్చండి. డబ్బిచ్చాము గదా అని ఈ మర్యాదలు మానవద్దు. ముఖ్యంగా సంఘపు పోస్టర్లలో, సువార్త కరపత్రాలలో పేదవారి ముఖాలు వాడే మనము దీనిని బాగా ఆలోచించాలి. వారి కష్టాన్ని చూపించి మన పనిని గొప్పగా కనబరచుకొనే శోధన చిన్నది కాదు.

ఆ పోస్టరు తీసివేశాను. ఫోన్లలో వెళ్లిపోయినది తిరిగి రాదు. ఫోటో ఒక ప్రతి కడిగించి ఉంచాను. వచ్చే మే నెలలో అదే దారిన వెళ్లి వెదకాలని ఉంది. దొరుకుతుందో లేదో ప్రభువుకే తెలుసు. అంతవరకు ప్రార్థనలో ఆమెను జ్ఞాపకము చేసుకుంటున్నాను. ప్రతిసారీ పేరు చెప్పవలసిన చోటికి రాగానే ఆగిపోతాను. నేను ఆమె ఎదుట అంతసేపు నిలబడి కూడా అడగనిది అదే.

ఈ వేసవిలో ప్రయాణమయ్యే మీ కుటుంబాలన్నిటికి ప్రభువు క్షేమము దయచేయును గాక. ఆమేన్.