తోడుకి కాస్త మజ్జిగ

గోడలకి చెవులుంటాయంటారు. మా గోడకైతే నా చెవులే వుండేవి.

అల్లూరులో మేమున్న యింటికీ పక్కింటికీ మధ్య గోడ ఒక్కటే. వాళ్ళు పోపు వేస్తే మాకు తుమ్ములొచ్చేవి. ఏ పూట ఏం కూరో, పిల్లాడికి లెక్కల్లో ఎన్ని మార్కులో అన్నీ తెలిసేవి. రాత్రిళ్ళు ఆ అమ్మాయి దెబ్బలు తింటున్న చప్పుడు మాత్రం నాకు "తెలియదు". అది మొదలవగానే టీవీ గొంతు పెంచేదాన్ని. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెవరం అని సర్దిచెప్పుకునేదాన్ని.

ఓనాడు పొద్దున్నే కుళాయి దగ్గర కమిలిన చెంపతో కనబడింది. "ఏమ్మా, జారిపడ్డావా?" అన్నాను. "అవునక్కా" అంది. ఆ అబద్ధం ఆ పిల్లది కాదు. నేనే తయారుచేసి చేతికిచ్చాను.

ఆ రోజుల్లోనే మా అత్తగారు వచ్చారు. రాత్రి తొమ్మిదింటికి చప్పుడు మొదలైంది. నేను టీవీ వైపు నడిస్తే, ఆవిడ చిన్న గిన్నె పుచ్చుకుని తిన్నగా వెళ్ళి వాళ్ళ తలుపు తట్టారు. "అమ్మే, పాలు తోడెయ్యాల. కాసిన్ని మజ్జిగుంటే పొయ్యి తల్లే."

చప్పుడాగిపోయింది. ఆవిడ వెంటనే రాలేదు. అరుగుమీద కూచుని అరగంట కబుర్లు చెప్పారు. లేచేముందు, ఆయన వినేట్టుగానే, "మా తలుపు ఎంత రాత్రయినా తీస్తాం" అన్నారు.

మనింట్లో గిన్నెడు మజ్జిగ వుందిగా అన్నాను. "ఉంటే ఉందిలే. రేపు నువ్వు పో" అన్నారు.

1992లో మా జిల్లాలోని దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సారా కొట్టు మీదికి నడిచారు. ఎవరి మొగుడి గొడవ వాళ్ళదే అనుకున్నన్నాళ్ళూ అది ఇంటిగుట్టు. పదిమందీ కూచుని చెప్పుకునేసరికి అందరి గుట్టూ ఒకటే అని తేలింది. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అలాగని తప్పంతా సారా మీదికి నెట్టలేం. మా పక్కింటాయన చుక్క ముట్టడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా ఆఫీసుకెళ్ళే మనిషి.

చట్టమూ మా అత్తగారి దారికే వచ్చింది. 2006 అక్టోబరులో అమల్లోకొచ్చిన గృహహింస చట్టం ప్రకారం రక్షణాధికారికి కబురు దెబ్బలు తిన్నామే చెప్పనక్కర్లేదు, ఇరుగుపొరుగు ఎవరైనా చెప్పొచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసుండదు. ఇల్లు మొగుడి పేర వున్నా ఆమెకి అందులో వుండే హక్కుంది. ఫోను చెయ్యడానికి 181 వుంది. అయితే ప్రాణం మీదికొస్తే తప్ప, ఆమెనడక్కుండా మనం పరుగెత్తకూడదు. ఎప్పుడు, ఎలా అన్నది ఆమె చెప్పాల్సిన మాట.

మర్నాటి నించి గిన్నె నేనే తీసుకెళ్ళాను, కాపురం చెడగొడుతున్నానంటారేమోనని భయపడుతూనే. నెల తిరక్కుండా ఓ రాత్రి ఆ అమ్మాయే మా తలుపు తట్టింది. చేతిలో గిన్నె లేదు.

జారిపడ్డావా అని అడగలేదు. "నన్నేం చెయ్యమంటావో చెప్పమ్మా" అన్నాను.