తెలియకుండ ఇచ్చు మందు

జైన కుటుంబములలో మద్యపానము నిషిద్ధము. అందుచేత ఇంటి కుమారుడొకడు ఆ వ్యసనమున పడినప్పుడు వాని ఆరోగ్యముకంటె ముందుగా ఇంటి పరువే పెద్దలకు కనబడును. నలుగురికి తెలియకముందే సంగతి చక్కబడవలెనని, పప్పులోనో మజ్జిగలోనో మాత్రను పొడిచేసి కలిపి పెట్టువారున్నారు. "వాని మంచికే గదా" యని సమాధానపడుదురు. ఇది ధర్మమేనా యని విచారింపవలసి యున్నది.

ఇందుకు వాడు మందులలో ముఖ్యమైనది డైసల్ఫిరామ్. దీని గుణమును డెన్మార్కు శాస్త్రజ్ఞులు హాల్డ్, జాకబ్సెన్ 1948లో వెల్లడించిరి. త్రాగిన మద్యము కాలేయములో అసిటాల్డిహైడ్ అను విషపదార్థముగా మారి, పిమ్మట హానిలేనిదగును. ఆ రెండవ మార్పును ఈ మందు అడ్డగించును. విషము రక్తములో నిలిచి ముఖము ఎఱ్ఱబారుట, వాంతులు, గుండెదడ కలుగును. రక్తపుపోటు పడిపోయి ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవచ్చును. మందు మానిన రెండు వారములవరకు ఈ భయము తప్పదు. ఎరిగినవాడు జాగ్రత్తపడును. ఎరుగనివాడు స్నేహితులతో త్రాగును. లేదా ఇంటిలోని ద్రాక్షాసవమే పుచ్చుకొనును. అందులోను మద్యాంశమున్నది గదా! వాడు పడిపోయినచో చూడవచ్చిన డాక్టరుకు కారణము తెలియదు. రోగికి తెలియకుండ ఈ మందు ఈయరాదని వైద్యశాస్త్రము గట్టిగా హెచ్చరించుచున్నది.

ఉద్దేశము మంచిదైనచో హింస కాదందురు. కాని తత్త్వార్థసూత్రము హింసకు మూలము ఏమరుపాటులోనే చూపినది. రోగి గుండె ఎట్టిదో పరీక్షింపక, వైద్యుని అడుగక మందు కలుపుటకంటె ఏమరుపాటు వేరే కలదా? మాయ నాలుగు కషాయములలో నొకటి. కలిపిన చేయి, కలుపుమన్న నోరు, చూచి సమ్మతించిన మనస్సు, మూడింటికిని ఇందు పాలు కలదు. పర్యూషణ పర్వమున ఇంటిల్లిపాది ఒకరినొకరు క్షమాపణ వేడుకొందురు. చేసినది దాచి వేడుకొన్న క్షమాపణకు విలువ యేమి?

మరియొకటి. ప్రత్యాఖ్యానమనగా తానై విడుచుట. వాంతికి వెరచి మానినవాడు దేనిని విడిచినట్లు? ఎదుటివానికి తెలియక వాని పేర వ్రాసిన పద్దు చెల్లదు, వ్రతమును అంతే.

అట్లని ఊరకుండవలెనా? అక్కరలేదు. స్పృహ లేనివాని ప్రాణము నిలుపుటకు ఇచ్చిన మందు మోసము కాదు. తెలివి వచ్చిన పిమ్మట చెప్పవచ్చును. మతి చెదరినవాని విషయమున, వాని తరపున నియమింపబడిన ప్రతినిధి వైద్యునితో కలిసి వ్యవహరించు మార్గమును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చూపినది. త్రాగుడుకు లోబడినవాడైనను, వైద్యుడు పరీక్షించిన పిదప తాను ఒప్పుకొని, ప్రతిదినము భార్య చేతినుండి అదే డైసల్ఫిరామ్ పుచ్చుకొని బాగుపడవచ్చును. మందు అదే, ఇచ్చు చేయి అదే. భేదమంతయు వాని ఎరుకలో నున్నది.

వానిని కూర్చుండబెట్టి ఆ మాట చెప్పుటకు ధైర్యము కావలెను. నలుగురేమందురో యను జంకును ముందుగా పెద్దలు విడిచినగాని, వాడు మద్యమును విడుచుటకు దారి ఏర్పడదు.