ప్రియదర్శిని

భగవద్విషయమనగానే గాంభీర్యము, వినోదమనగానే చాపల్యము అని వేరుపరచి చూచుట లోకమున పరిపాటి. ఆలయమునకు వచ్చినపుడు మనస్సును భక్తికిని, చలనచిత్రశాలకు పోయినపుడు వేడుకకును అప్పగించి, ఈ రెంటికిని పొత్తు లేదని భావించువారు పెక్కుమంది కలరు. ఈ అభిప్రాయము ఎంతవరకు సమంజసము?

1957వ సంవత్సరమున కె.వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన 'మాయాబజార్' చిత్రమును ఎరుగని తెలుగు గృహము అరుదు. శశిరేఖా పరిణయగాథ వ్యాసభారతమున లేదు. అది జనుల నోట పెరిగి, నాటకరంగముపై ఆడి, వెండితెర కెక్కినది. ప్రమాణము లేని కల్పనయని త్రోసివేయవచ్చును. కాని అందొక చిన్న సన్నివేశము కలదు.

ప్రియదర్శిని యను పేటికను తెరచి చూచినవారికి తమకు ఏది మిక్కిలి ప్రియమో అదియే కనిపించును. శశిరేఖకు అభిమన్యుడు, రేవతీదేవికి ఆభరణములు, బలరామునకు దుర్యోధనుడు కనిపించిరి. తుదకు శ్రీకృష్ణుడు చూడగా అందు శకుని ప్రత్యక్షమయ్యెను! ప్రేక్షకులు పకపక నవ్వుదురు.

నవ్విన పిమ్మట ఆలోచింపవలసినది కలదు. ఆభరణములను చూచిన ఆ తల్లియే, పాండవులు రాజ్యము కోల్పోగానే కుమార్తెను వారింటికిచ్చుటకు వెనుదీసినది. విషయములను నిరంతరము చింతించువానికి వానియందు సంగము కలుగునని గీత ద్వితీయాధ్యాయము బోధించుచున్నది. పేటిక చూపినది ఆ సంగమునే.

మరి శ్రీకృష్ణునకు శకుని ఏల కనిపించెను? కపటనాటక సూత్రధారి మరియొక కపటిని కనిపెట్టియున్నాడను చమత్కారమే చిత్రకర్తల ఉద్దేశము కావచ్చును. అయినను భక్తునకు అందు మరొక అర్థము స్ఫురించును. గోపికలు ప్రేమచేతను, కంసుడు భయముచేతను, శిశుపాలాదులు వైరముచేతను స్వామిని చింతించి తరించిరని భాగవత సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు తెలిపెను. తన్ను ద్వేషించువానిని సైతము ఆ స్వామి మరువడు.

హాస్యమంతయు గ్రాహ్యమని దీని భావము కాదు. దీనుని, అంగవికలుని పరిహసించు నవ్వు హృదయమును కఠినపరచును. నవ్వినవాని దృష్టిని తన లోపములవైపు మరలించు నవ్వు అహంకారమును కరగించును. మొదటిది విడువదగినది, రెండవది వీధిలో లభించినను స్వీకరింపదగినది.

దర్శనమునకై వరుసలో గంటలకొలది నిలిచిన యాత్రికుని చేతికి ఆ క్షణమున ప్రియదర్శిని నొసగినచో ఏమి కనిపించును? స్వామి దివ్యమంగళ విగ్రహమా? తాళము వేసి వచ్చిన ఇల్లా? లేక వెలుపల విడిచిన పాదరక్షలా? పాదరక్షలే కనిపించినవని గుర్తించి, సిగ్గుపడక, తన్ను చూచి తానే నవ్వుకొనగలిగినవాడు ధన్యుడు. ఆ నవ్వుతోడనే అతని మనస్సు స్వామి శ్రీపాదములవైపు మరలును.