బాకీ వేరు, దానం వేరు

ఆవును చంపి చెప్పులు దానం చేశాడట వెనకటికి ఒకడు. ఈ సామెత చెప్పుకుని ఇచ్చినవాడిని చూసి నవ్వుకుంటాం. పుచ్చుకున్నవాడి సంగతి ఎప్పుడైనా ఆలోచించామా? అతనికి నిజంగానే కాళ్లు కాలుతున్నాయి. చెప్పులు వద్దనాలా? పుచ్చుకుంటే ఇక ఆవు మాట ఎత్తకూడదా? ప్రియ పాఠకులారా, ఈ వారం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

ఒక కర్మాగారం గాలినో, నీటినో పాడు చేసింది. అధికారులు తప్పు పట్టారు. అప్పుడు యజమాని ఇలా అంటాడు: "జరిమానా కొంత తగ్గించండి. ఆ డబ్బుతో ఊరి చెరువు బాగు చేయిస్తాను, మొక్కలు నాటిస్తాను, మంచినీటి ప్లాంటు పెట్టిస్తాను." ఈ బేరానికి ఒప్పుకోవడం న్యాయమేనా?

తొందరపడి కాదనడానికి లేదు. జరిమానా మొత్తం ఖజానాకు పోతే పొగ పీల్చిన వీధికి దక్కేదేమిటి? పోనీ, కర్మాగారం మూయించేద్దామా? పలాస, కాశీబుగ్గలనే చూడండి. అక్కడ జీడిపప్పు పరిశ్రమ మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. పిక్కలు కొట్టి, పప్పు ఒలిచి, రకాలుగా వేరు చేసే పని ఎక్కువగా ఆడవాళ్లదే. జీడి తొక్కలోని నూనె వాళ్ల వేళ్లను కాలుస్తుంది. పిక్కలు కాల్చినప్పుడు వచ్చే ఘాటు పొగ వాళ్ల ఇళ్ల మీదికే వస్తుంది. కర్మాగారానికి తాళం పడితే ముందు పస్తులుండేదీ వాళ్లే. టెక్కలి ప్రాంతపు గ్రానైటు క్వారీల కథా ఇంతే. దుమ్మూ కూలివాడిదే, కూలీ అతనిదే. కనుక తప్పు చేసినవాడి డబ్బు నష్టపోయినవాడి వాకిలికి చేరే దారి ఒకటి ఉంటే మంచిదే. అయితే దానికి కొన్ని హద్దులుండాలి.

ఈ పద్ధతికి అమెరికాలో వివరంగా నియమాలు రాసుకున్నారు. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 1998లో ఖరారు చేసి, 2015లో సవరించిన నియమాల్లో మూడు మనం గమనించదగినవి. చేసే పనికీ, చేసిన తప్పుకూ సంబంధం ఉండాలి. చట్టప్రకారం ఎలాగూ చేయవలసిన పనిని ఇందులో లెక్కకట్టకూడదు. ఆ పని గురించి కంపెనీ నలుగురిలో చెప్పుకుంటే, ఇది ఫలానా చట్ట ఉల్లంఘన మీద జరిగిన పరిష్కారంలో భాగమని కూడా చెప్పి తీరాలి. ఈ మూడో నియమమే నన్ను ఆకట్టుకుంది. చెప్పులు ఇవ్వవచ్చు గాని ఆవు సంగతి దాచకూడదన్నమాట. ఆ దేశంలోనూ ఈ పద్ధతి మీద తగవు తీరలేదు. ప్రభుత్వం మారినప్పుడల్లా దీనిని ఆపడం, తిరిగి తేవడం జరిగింది.

మన దేశంలో కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో గట్టిగా నిలబెట్టింది. తమిళనాడులోని ఆ తోళ్ల కర్మాగారాలు ఒక్కొక్కటి 10,000 రూపాయల చొప్పున జరిమానా కట్టాలనీ, ఆ సొమ్మును బాధితుల పరిహారానికీ, పాడైన నేలనూ నీటినీ బాగుచేయడానికీ వాడాలనీ చెప్పింది. నీటి కాలుష్య చట్టంలోని అనేక తప్పులకు జైలు శిక్షను తీసివేసి, 10,000 నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పెడుతూ 2024లో సవరణ వచ్చింది. 2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. జరిగిన నష్టాన్ని పూడ్చడానికి కాలుష్య నియంత్రణ మండళ్లే సొమ్ము వసూలు చేయవచ్చునని. కనుక ఆ డబ్బు ఎవరికి, ఏ రూపంలో, ఏ పేరుతో చేరాలన్న ప్రశ్న ఇకమీదట మన ఊళ్లకూ వస్తుంది.

మనకు దగ్గరలోనే ఒక ఉదాహరణ ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జిల్లా కలెక్టరు వద్ద జమచేయమని ఆ సంస్థను ఆదేశించింది. ఆ సొమ్ము బాధితుల పరిహారానికీ, పర్యావరణాన్ని బాగుచేయడానికీ వాడాలని తరువాత చెప్పింది. ఆ 50 కోట్లు దానం కాదు. నిద్రలో ఊపిరి పోయినవాళ్ల ముందు ఆ మాట ఎవరు అనగలరు?

పెద్ద నష్టం జరిగినప్పుడు ఈ తేడా అందరికీ కనిపిస్తుంది. నష్టం రోజుకింత పొగగా, రోజుకింత దుమ్ముగా వచ్చినప్పుడే మనం మరిచిపోతాం. లూకా సువార్తలోని సుంకరి జక్కయ్య మాత్రం మరిచిపోలేదు. తన ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నదేదైనా ఉంటే నాలుగింతలు తిరిగి చెల్లిస్తానని వేరుగా చెప్పాడు. మొదటిది దానం, రెండోది బాకీ. సగం ఆస్తి పంచాను గనుక పాత మోసాలు చెల్లు అని అతడు అనలేదు. 2013 నాటి మన కంపెనీల చట్టమూ దాదాపు ఇదే దారిలో ఉంది. పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సమాజహితానికి ఖర్చు పెట్టాలి. అయితే వేరే చట్టం ప్రకారం చేయక తప్పని పనిని ఆ పద్దులో చూపించడానికి నియమాలు ఒప్పుకోవు.

బాకీని దానం అంటే వచ్చే నష్టం ఏమిటి? దానం పుచ్చుకున్నవాడి నోరు మూతపడుతుంది. ఒక యజమాని మన ఊరి బడికి గదులు కట్టించాడనుకోండి, మన గుడికి ప్రహరీ గోడ కట్టించాడనుకోండి. ప్రారంభోత్సవంలో శాలువా కప్పుతాం, పాలరాతి మీద పేరు చెక్కిస్తాం. మర్నాడు పొగగొట్టం సంగతి ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? అడిగిన ఒక్కడినీ, "అన్నం పెట్టిన చేతినే కరుస్తావా" అని మనమే కసురుతాం. చివరికి తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, ఆ పొగలో మనకూ వాటా వస్తుంది.

ఉద్దానంలో ఈ మాట ఇంకా జాగ్రత్తగా చెప్పుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను గుల్ల చేసిందో మీకు చెప్పనక్కరలేదు. దానికి కారణం ఇదీ అని వైద్యులు ఇప్పటికీ తేల్చలేదు. తేలని నేరాన్ని ఏ కర్మాగారం మీదా మోపకూడదు. అలాగే, వేరే తప్పు చేసి దొరికినవాడు ఈ జబ్బును అడ్డం పెట్టుకుని, ఒక నీటి ప్లాంటుతో దయామయుడు అనిపించుకోనూ కూడదు. వంశధార నీటిని హిరమండలం నుంచి ఉద్దానానికి తెచ్చే సుజలధార పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. మంచినీళ్లు ప్రజల హక్కు. ఒకడి పొగకు అవి బదులు కావు.

ఏ ప్రాజెక్టూ పూడ్చలేని నష్టాలూ ఉన్నాయి. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలను వ్యతిరేకించిన జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ జనం ఎక్కువ పరిహారం కోసం రాలేదు. బీల, తంపర నేలలను ఉన్నవి ఉన్నట్టు ఉండనివ్వమన్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. కాళ్లు కడిగే నీళ్లు ముందే చూపించి, అడుసు తొక్కడానికి అనుమతి కొనుక్కోవడం పరిహారం కాదు.

కాబట్టి ఇటువంటి బేరం మీ ఊరికి వచ్చినప్పుడు నాలుగు మాటలు అడగండి. ముందు పొగ ఆగిందా? చేసే పని పొగ పీల్చినవాళ్లకే అందుతోందా? ఏం కావాలో పప్పు ఒలిచే ఆ ఆడవాళ్లనే అడిగారా? రేపు మళ్లీ తప్పు జరిగితే మళ్లీ కేసు పెట్టే హక్కు మనకు మిగిలిందా? నాలుగింటికీ అవునని జవాబు వస్తే పుచ్చుకోండి. తలవంచుకుని పుచ్చుకోనక్కరలేదు, అది మీకు రావలసినదే. శాలువా మాత్రం కప్పకండి. రాతి మీద దాత పేరు బదులు ఇలా చెక్కించండి: "ఈ ఊరి గాలి పాడుచేసినందుకు ఫలానా కర్మాగారం చెల్లించిన పరిహారంతో ఈ పని జరిగింది." ఆ రాయి చూసి యజమాని కొంచెం సిగ్గుపడవచ్చు, మన పిల్లలు మాత్రం నిజం చదువుకుంటారు.