గడి నింపిన పాట

మా రికార్డింగ్ షాపు పొడుగు పన్నెండడుగులు, వెడల్పు ఏడు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక సందులో, మేడమెట్ల కింద ఉండేది. ఇరవయ్యేళ్లు అందులోనే కూర్చున్నాను. రెండు డెక్కులు, గోడ నిండా క్యాసెట్లు, ఒక స్టూలు. స్టూలు వేసింది కొనేవాళ్ల కోసం. దాని మీద కూర్చున్నది మాత్రం ఎప్పుడూ కొననివాళ్లే.

సాయంత్రం ఆరయ్యేసరికి ఇద్దరు వచ్చేవారు. ఒకాయన హరికథలకి మృదంగం వాయించి వాయించి వేళ్లు కాయలు కాచిన పెద్దాయన. అందరం గురువుగారనే పిలిచేవాళ్లం. రెండో ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. వాళ్లిద్దరికీ తగువు పెట్టుకోడానికి రాజకీయాలు అక్కర్లేదు, బాలమురళి చాలు.

మా ఊళ్లో బాలమురళికృష్ణ గురించి మాట్లాడటమంటే ఇంట్లో మనిషి గురించి మాట్లాడటమే. పుట్టింది 1930లో, అప్పటి తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో. పెరిగిందీ, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర నేర్చిందీ, ఎనిమిదేళ్ల వయసులో త్యాగరాజ ఆరాధనలో పూర్తి కచేరీ చేసిందీ బెజవాడలోనే. మురళీకృష్ణ అన్న పేరు ముందు ‘బాల’ చేర్చింది హరికథకులు ముసునూరి సూర్యనారాయణ భాగవతార్‌గారు. ఆ మాట ఎత్తితే మా గురువుగారు మీసం మీద చెయ్యేసేవారు, అదేదో తమ వృత్తివాళ్లంతా కలిసి పెట్టిన పేరైనట్టు. మా సందులో బాలమురళి పాట విన్నవాళ్లకన్నా ఆయనతో కాఫీ తాగామని చెప్పేవాళ్లే ఎక్కువ.

తగువు ఆయన తొలి కృతుల మీద. కర్ణాటక సంగీతంలో మూలరాగాలు, అంటే మేళకర్తలు, 72. షడ్జమం, పంచమం కదలవు. మధ్యమాలు రెండు. రిషభ గాంధారాల జతలు ఆరు, ధైవత నిషాదాల జతలు ఆరు. ఆరారులు ముప్ఫయ్యారు, దాన్ని రెండుతో హెచ్చిస్తే 72. పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి ఈ లెక్క కట్టి, ఇందులో ఒకటి తగ్గించాలన్నా పెంచాలన్నా పరమేశ్వరుడి తరం కూడా కాదన్నాడు. అన్నాడేగానీ, అప్పటికి ఆ 72లో లోకంలో నలిగేవి ఇరవై కూడా లేవు. మిగతావన్నీ ఖాళీ గడులు. ఆ గడులన్నిటికీ, ఒక్కటీ వదలకుండా, బాలమురళి పదిహేనేళ్లలోపే కృతులు కట్టాడంటారు. అవే 1952లో ‘జనకరాగ కృతి మంజరి’గా అచ్చయ్యాయి. తరవాత సంగీతా కంపెనీవాళ్లు 9 సంపుటాలుగా విడుదల చేశారు.

ఆ సంపుటాలు షాపులోకి వచ్చిన రోజునే గొడవ మొదలైంది.

“అబ్బాయ్, ఇందులోంచి ఓ పది పన్నెండు ఏరి నాకో సి-సిక్స్‌టీలో ఎక్కించు,” అన్నారు గురువుగారు. “శంకరాభరణం, కల్యాణి, ఖరహరప్రియ, తోడి... ఇట్లాంటివి. ఆ గతుకుల రోడ్లన్నీ నాకొద్దు.”

మాస్టారు స్టూలు మీంచి లేచి నుంచున్నారు. “ఏరుకోడానికి ఇవేవన్నా వంకాయలా గురువుగారూ? డెబ్బై రెండూ కలిపితే ఒక పని. సత్యనారాయణ వ్రతంలో మూడో కథ బావుండదని లేచి వెళ్లిపోతామా?”

“వ్రతంలో దేవుడుంటాడయ్యా. ఇందులో ఉన్నది నీ హెచ్చవేతలు. కుర్రాడు పరీక్షకి కూర్చున్నట్టు కూర్చుని 72 ప్రశ్నలకీ జవాబులు రాశాడు. నూటికి నూరు మార్కులూ వేద్దాం. భక్తి అనకు.”

గురువుగారు తేలిగ్గా అన్న మాట కాదది. ఆయన చెప్పిన గతుకుల రోడ్లు వివాది మేళాలు. 72లో అవి 40. కనకాంగిలో చూడండి: స, రి, గ మూడూ పక్కపక్క మెట్ల మీదే ఇరుక్కుని కూర్చుంటాయి, ఒక బెంచీ మీద ముగ్గురు పిల్లల్లాగా. ఒక స్వరం మీద నిలబడదామంటే పక్కది మోచేత్తో పొడుస్తుంది. అందుకే చాలామంది విద్వాంసులు వాటి జోలికి పోయేవారు కాదు. పాడితే కీడు అని నమ్మినవాళ్లూ ఉన్నారు. అక్కడ పాట కట్టేవాడికి ముందు కనిపించేది దేవుడు కాదు, ఇరుకు. ఆ ఇరుకులోంచి బయటపడే దారి వెతుకుతూ దేవుణ్ణి పిలిస్తే, అది పిలుపా, ఆసరా కోసం పట్టుకున్న స్తంభమా? అసలు ఫలానా నంబరు రాగానికి పాట లేదని కట్టిన పాటలో ఉన్న దేవుడి పేరు ప్రార్థన కిందికి వస్తుందా?

నాకు ఆ రోజుల్లో ఈ ప్రశ్న పట్టలేదు. నాకు పట్టింది డబ్బింగు. కంపెనీ క్యాసెట్టు పెట్టి పాటలు ఏరి ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి అమ్మడం తప్పని అప్పట్లో తోచలేదు, ఇప్పుడు తోస్తుంది. హైస్పీడులో ఎక్కిస్తే సౌండు పలచబడుతుందని నేను మామూలు స్పీడులోనే చేసేవాణ్ణి. అంటే గంట పాట ఎక్కించడానికి గంట కూర్చోవాలి. గురువుగారి ఏరుడు క్యాసెట్టు ఒకటి, మాస్టారికి మొత్తం సంపుటాలు. దాంతో ఊళ్లో ఎవరూ విననంత శ్రద్ధగా కాకపోయినా, ఎవరూ విననన్నిసార్లు, ఆ డెబ్బై రెండూ నా చెవిన పడ్డాయి. కొన్నిటికి నిద్రపోయాను. కొన్నిటికి లేచాను.

మొదటి వారంలో నేను గురువుగారి పక్షం. కల్యాణి వస్తే పంకా వేసినట్టుండేది. 41వ మేళం పావని వస్తే ఎవరో పక్క గదిలో బీరువా జరుపుతున్నట్టుండేది. మూడో వారంలో చిత్రం జరిగింది. ఆ బీరువా చప్పుడు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. కల్యాణి ఎటు పోతుందో నాకు ముందే తెలుసు, మా వీధి లాగా. పావనిలో మలుపు తిరిగాక ఏముందో తెలీదు. ఇష్టం వల్ల విన్నవి కావవి. వినక తప్పక విన్నవి, వినగా వినగా ఇష్టమయ్యాయి.

ఈ ముక్క ఓ సాయంత్రం పైకి అన్నాను. మాస్టారికి కొండంత బలం వచ్చింది.

“విన్నారా? వీడికి తెలీకుండానే శాస్త్రం మాట్లాడాడు. భక్తి రెండు రకాలన్నారు రూపగోస్వామి. విధిని పట్టుకుని చేసేది వైధి. ప్రేమ తన్నుకొచ్చి చేసేది రాగానుగ. మొదటి మెట్టు ఎక్కకుండా రెండోదానికి ఎగరలేరు.”

“రాగానుగలో రాగమంటే అనురాగం మాస్టారూ, నీ 41వ మేళం కాదు.”

“సరే, అజామిళుడి కథకి మీరు ఎన్ని వందలసార్లు మృదంగం వాయించారు?”

గురువుగారు జవాబు చెప్పలేదు. ఆ కథ ఆయనకి కంఠతా. భాగవతం ఆరో స్కంధంలో ఉందని పుస్తకం చదివినవాళ్లు చెప్తారు. ఈయన వేళ్లకి తెలుసు. ధర్మం తప్పి బతికిన అజామిళుడు చావుబతుకుల్లో యమభటుల్ని చూసి భయపడి ‘నారాయణా’ అని కేకేశాడు. పిలిచింది వైకుంఠంలో ఉన్నవాణ్ణి కాదు, ఆడుకుంటున్న కడగొట్టు కొడుకుని. అయినా విష్ణుదూతలు వచ్చారు.

“అజామిళుడి మనసులో దేవుడు లేడు, నోట్లో పేరుంది. పేరు చాలింది,” అన్నారు మాస్టారు. “మీ బాలమురళి నోట్లో 72 సార్లుంది. చాలదా?”

గురువుగారు చుట్ట తీసి, షాపులో కాల్చనివ్వనని గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. “నేను ఆ కథకి వాయించేటప్పుడు ఆ కేక దగ్గర హరికథ చెప్పే దాసుగారు ఆగేవారు. నేనూ ఆగేవాణ్ణి. ఎందుకో తెలుసా? ఆ కేకలో దేవుడు లేకపోవచ్చు మాస్టారూ, ప్రేమ ఉంది. కొడుకు మీద ప్రాణం పెట్టి పిలిచాడు. పిల్లాడి పేరే పెట్టి లెక్క కోసం పిలిస్తే వచ్చేవాళ్లా విష్ణుదూతలు? కుర్రాడు ఎవరి మీద ప్రేమతో పిలిచాడు? 41వ గడి ఖాళీగా ఉందని పిలిచాడు.”

ఆ దెబ్బకి మాస్టారు ఆ పూట ఇంటికి వెళ్లిపోయారు. మర్నాడు వస్తూనే, కూర్చోకుండానే అన్నారు: “త్యాగరాజస్వామి తొంభై ఆరు కోట్ల రామనామం జపించారంటారు. లెక్కపెట్టే కదా చేశారు? ఆయన ‘చాలా ప్రేమగా చేశాను’ అని ఊరుకోలేదు. అంకె వేసుకున్నారు. ఆ పరంపరలో అయిదో తరం కుర్రాడు 72 వేసుకుంటే తప్పొచ్చిందా?”

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. బాలమురళిగారు 2016 నవంబరు 22న వెళ్లిపోయారు. షాపు ఉన్నచోట సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. తగువు మాత్రం నాకు ఆస్తిగా వచ్చింది.

మాస్టారి పక్షాన ఇంకో మాట కూడా ఉంది, ఆయన ఎత్తనిది. మేము విన్న ఆ సంపుటాల్లో గొంతు పెద్దవాడిది. పాట కుర్రతనంలో కట్టింది. కుర్రాడు లెక్క కోసం దేవుణ్ణి పిలిచాడే అనుకుందాం, అన్నేళ్ల తరవాత అదే పాట పాడిన పెద్దమనిషి లెక్క కోసం పిలవలేదు కదా? లెక్క ఎప్పుడో పూర్తయింది. ఇక మిగిలింది పేరే. పెద్దయ్యాక ఆయన నాలుగు స్వరాలతోనే లవంగి, మహతి వంటి రాగాలు కట్టాడు. కొత్త రాగాలన్న మాట మీదే పెద్ద వివాదం నడిచింది, వీణ ఎస్. బాలచందర్ గట్టిగా అడ్డుచెప్పాడు. ఆ గొడవలో తీర్పు చెప్పేంత వాణ్ణి కాను. నాకు కనిపించేది ఇంతే: ఏడు స్వరాల ఇల్లంతా, ప్రతి గదీ ఊడ్చినవాడికే నాలుగు గోడలు చాలని తెలుస్తుంది. ఊడవకుండా చాలన్నవాడి మాట వేరు.

అయినా గురువుగారి ప్రశ్న తీరలేదు. తీరిందని అనుకున్నది మా నాయనమ్మ పెట్టె తెరిచాక.

నాయనమ్మ రామకోటి రాసేది. గడుల పుస్తకం, పేజీకి పన్నెండు వరసలు, వరసకి తొమ్మిది గడులు, మొత్తం నూట ఎనిమిది. గడికొక ‘శ్రీరామ’. మధ్యాహ్నం వంటిల్లు సర్దాక గుమ్మంలో కాళ్లు చాపుకుని, రోజుకి పది పేజీలు. ఒకసారి మాస్టారు మా ఇంటికొచ్చినప్పుడు అలవాటు కొద్దీ లెక్క కట్టి, “ఈ లెక్కన కోటికి పాతికేళ్ల నాలుగు నెలలు పడుతుందమ్మా” అన్నారు. “పడనీ, నాకేం పనుంది?” అంది. కోటి పూర్తి కాలేదు. నిండిన పుస్తకాలు ఎప్పటికప్పుడు భద్రాచలం పంపేశాం. ఆఖరిది పెట్టెలో ఉండిపోయింది.

అది తిరగేశాను. అన్ని ‘శ్రీరామ’లూ ఒకలా లేవు. కొన్ని ముత్యాలు. కొన్ని చోట్ల కునుకు పట్టి ‘మ’ తోక గీత దాటి కింది గడిలోకి జారింది. ఒక పేజీ మొత్తం కోపంగా ఉంది, కలం కాగితానికి దిగబడింది. ఆ రోజు ఇంట్లో ఎవరితోనో పడింది కాబోలు. అంటే ఆవిడ కూడా గడి ఖాళీగా ఉందని రాసిన రోజులున్నాయి. నిద్రలో రాసినవి ఉన్నాయి. చిరాకులో రాసినవి ఉన్నాయి.

ఒక పేజీలో ఏడో వరస మధ్య గడిలో ‘శ్రీరామ’ లేదు. ‘పాలు అరలీటరు’ అని ఉంది. పాలవాడు వచ్చి ఉంటాడు, మనసు అటు పోయి ఉంటుంది, చెయ్యి మనసు వెంట పోయింది. నవ్వొచ్చింది. తరవాత ఆ పేజీ అడుగున చూశాను. ప్రతి పేజీ అడుగునా ఆవిడ 108 అని అంకె వేసి కింద గీత గీసేది. ఈ పేజీ అడుగున మాత్రం 107 అని ఉంది.

చాలాసేపు ఆ అంకె చూస్తూ కూర్చున్నాను. ఆవిడకి తెలుసు, ఏ గడిలో రాముడున్నాడో, ఏ గడిలో పాలున్నాయో. గురువుగారంత ఖచ్చితంగా తెలుసు. ఆ గడిని లెక్కలోంచి తీసేసింది. కొట్టేసి పైన ‘శ్రీరామ’ దిద్దలేదు. పేజీ చింపలేదు. తరవాతి గడిలో మళ్లీ మొదలుపెట్టింది.

గురువుగారు పన్నెండు ఏరుకోవడంలో తప్పు లేదని ఇప్పుడు అనుకుంటాను. డెబ్బై రెండిట్లో కొన్ని పాల గడులు ఉండే ఉంటాయి. ఉన్నాయని చెప్పడానికి చెవి కావాలి, ఆయనకుంది. మాస్టారు ఒక్కటీ వదలొద్దనడంలోనూ తప్పు లేదు. ఆ పేజీ చింపితే మిగతా నూట ఏడూ కూడా పోతాయి. వాళ్లిద్దరికీ చెరొకటే తెలిసింది. నాయనమ్మకి రెండూ తెలుసు.

మాస్టారి కోసం ఎక్కించినప్పుడు నాకని ఒక కాపీ ఉంచుకున్నాను. పాత ప్లేయరు ఇంకా తిరుగుతుంది, పెన్సిల్‌తో టేపు బిగిస్తే. మొన్న పావని వచ్చినప్పుడు కళ్లు మూసుకుని విన్నాను. ప్రార్థనా, లెక్కా అన్నది తేలలేదు. పాట అయ్యాక వచ్చేది నాకు నచ్చని రాగం. టేపు ముందుకి తిప్పబోయి, చెయ్యి తీసేశాను.