రాత్రివేళ కత్తెర

సత్యమునకు విరోధి యసత్యమని బాలురకు బోధింతుము. నేనును ఇరువదేండ్లుగా నదియే బోధించుచున్నాను. సత్యమునకు సత్యముతోడనే హాని చేయవచ్చునని నాకుఁ దెలిపినవాఁడు నా పూర్వశిష్యుఁ డొకఁడు. అతఁడు హైదరాబాదులో నొక టెలివిజన్ వార్తాశాలయందు వీడియో ఎడిటరు. పని రాత్రి పదింటికి మొదలు. తెల్లవాఱి యాఱుగంటల బులెటినుతో ముగియును.

ఊళ్లనుండి విలేఖరులు పంపిన దృశ్యములు రాత్రికి అతని కంప్యూటరు చేరును. సెకనుకు 25 బొమ్మలు. ఏ బొమ్మకడఁ గోయవలెనో, దేనితో నతుకవలెనో నిర్ణయించుట యతని వృత్తి. నడుమ మాట తీసివేసినచో తెరమీఁది మనిషి తల యులికిపడినట్లగపడును. ఆ యతుకు గానరాకుండ దానిపై మఱియొక దృశ్యమును, వినువారి ముఖములనో, మాటాడువారి చేతులనో, కప్పుదురు. దర్జీయు అతుకును దాఁచును. కాని దానివలన మోసపోవువాఁ డెవ్వఁడును లేఁడు.

మొన్నటి వానకాలమున వరదలో మునిఁగిన యొక యూరినుండి ఒక స్త్రీ మాటలు వచ్చినవి. "బియ్యమొచ్చినయి. మా వాడకు మాత్రం రాలేదు" అని యామె పలికెను. మొదటి వాక్యము చాలునని పైవారి చీటి. పైవారు నిద్రించుచున్నారు. వేళ నాలుగు గంటలు. అతఁడు కోసెను; అతుకుపై బియ్యపుబస్తాల లారీని గప్పెను. ఆమె యనని మాట యొక్కటియు నందు లేదు. లారీయు నిజమైనదే.

ఇఁక నసత్య మెక్కడ నున్నది?

ద్రోణునితో ధర్మరాజు పలికిన పలుకులోను, ఏనుఁగన్న మాట యుండనే యున్నది. వినఁబడకుండఁ బలికెను, అంతే. నేలకు నాలుగంగుళములు మీఁదుగా నడచుచుండిన యతని రథము నాఁడు నేలకు దిగెనని భారతము చెప్పుచున్నది. జనులు చెప్పుకొను కథలో ఆ మాటపై శంఖ మూదినవాఁ డొకఁడు గలఁడు. నా శిష్యునిది ధర్మరాజు స్థానము గాదు, శంఖ మూదినవానిది. ఆమె పూర్తిగనే పలికినది గదా!

తిక్కనయు భగవద్గీతను గొలఁది పద్యములకుఁ గుదించెను గదా యని యడుగవచ్చును. నిజమే. నేనును ముప్పావు గంటలో నొక యుగమును ముగించుచున్నాను. కాని తిక్కన విడిచినది సంస్కృతమున నున్నది. కావలసినవాఁడు పోయి చూచుకొనును. ఆ స్త్రీ రెండవ వాక్యము చూచువారి కెక్కడ దొరకును? అది యంత్రములోనే చెక్కుచెదరక యున్నది. ఇప్పటి యంత్రములలోఁ గోఁత మూలమును నశింపఁజేయదు. ఒక వ్రేలు గదలించినఁ దిరిగి వచ్చును. ఆ గదిలో నా సంగతి యెఱిఁగినవాఁ డతఁ డొక్కఁడే.

ఈ తీర్పును మనము నిద్రలేని మనుష్యునిచేతఁ జేయించుచున్నాము. రాత్రిపని బహుశః కాన్సరు గలిగించునని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2007లో వర్గీకరించి, 2019లో మరల నదే చెప్పెను. దేహమునకుఁ గలుగు హానిని ఇట్లెవరో యొకరు విచారించుచున్నారు. నాలుగు గంటలవేళ నలసిన బుద్ధి "పోనీ" యనుట నెవరు విచారింతురు? న్యాయాధిపతి నా వేళ లేపి తీర్పు చెప్పుమన్నచో మన మొప్పుకొందుమా? అయినను అతనిని నేను విడిచిపెట్టుట లేదు. చీటి వ్రాసినవానికి సగము, కోసినవానికి సగమని పంచుటకుఁ బాపము పొలము గాదు.

ఆఱున్నరకు అతఁడు టీ హోటలులోఁ గూర్చుండఁగా నచటి టెలివిజనులో నా బొమ్మయే వచ్చినది. "పోనీలే, బియ్యమన్నా అందినయి పాపం" అని టీ తెచ్చినవాఁ డనెను. టీ సగము విడిచి యతఁడు మా యింటికి వచ్చెను. నేను బడికిఁ బోవ సిద్ధమగుచుంటిని.

"ఆ వాక్య మింకను ఉన్నదా?" అని యడిగితిని.

"వారందాఁక ఉంటుంది, మాస్టారూ" అనెను.